రెండెకరాల రైతుకు పన్ను లెక్కలో చోటేది?

తేనెటీగ మేత కోసం గూటి నుంచి రెండు మూడు మైళ్లు పోయి వస్తుంది. మధ్యలో ఎవరి కంచె ఉంది, ఎవరి పొలం ఉంది అని చూడదు. అరడజను తేనెపెట్టెలు పెట్టుకోవడానికి ఒక చిన్న గది పట్టేంత జాగా చాలు. అయినా అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో తేనెటీగల పెంపకాన్ని వ్యవసాయంగా లెక్కగట్టి భూమి పన్ను తగ్గించాలంటే ఆ భూమి 5 ఎకరాలకు తగ్గకూడదు, 20 ఎకరాలు మించకూడదు. ఈ హద్దులు రాష్ట్ర పన్ను చట్టంలోనే ఉన్నాయి. 4 ఎకరాల 90 సెంట్లున్న మనిషి ఎన్ని పెట్టెలు పెట్టినా, ఎన్ని సీసాల తేనె అమ్మినా, తేనెటీగల పేరు చెప్పి ఆ రాయితీ అడగలేడు. పది సెంట్లు తక్కువైనందుకు అతని సాగు సాగు కాకుండా పోతుంది.

ఇది ఎక్కడో దూరదేశపు గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో 1990లో ఆరు వేల చిల్లర జనాభా ఉన్న చిన్న ఊరు. 2020 జనగణన నాటికి అక్కడి జనం 2 లక్షలు దాటారు. అలా వచ్చి స్థిరపడ్డవారిలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి వెళ్లినవారికి తెలుగు మాట చెవిన పడక మానదు. ఇల్లు కొనుక్కుని, పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక కొందరి చూపు ఊరి బయటి భూముల మీదికి మళ్లింది. రెండెకరాలో, ఐదెకరాలో, పదెకరాలో. సొంతూళ్లో వదిలి వచ్చిన పొలం మీద బెంగ కొందరిది, పెట్టుబడి లెక్క మరికొందరిది. అలా కొనేవారు ధర తరువాత అడిగే మొదటి ప్రశ్న: ‘ఆగ్ ఎగ్జెంప్షన్ (వ్యవసాయ మినహాయింపు) ఉందా?’

ఆ మాట అందరి నోళ్లలో నానుతోంది గానీ, నిజానికి అది మినహాయింపు కాదు. భూమికి విలువ కట్టే పద్ధతిలో మార్పు. మామూలుగా టెక్సస్‌లో ఏ ఆస్తికైనా జనవరి 1 నాటి మార్కెట్ ధర మీద పన్ను వేస్తారు. వ్యవసాయంలో ఉన్న భూమికి మాత్రం మార్కెట్ ధరను పక్కనపెట్టి, ఆ నేల మీద సాగు చేస్తే ఎంత మిగులుతుందో చూసి, దాన్నిబట్టి విలువ కడతారు. 1966లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఆమోదం తెలిపి మొదట ఈ సదుపాయాన్ని ప్రధాన వృత్తిగా వ్యవసాయం చేసేవారికే ఇచ్చారు. 1978లో మరో సవరణ వచ్చింది. దాని ప్రకారం యజమాని వృత్తి ఏదైనా ఫర్వాలేదు, భూమి సాగులో ఉంటే చాలు. ఈ రోజు దాదాపు అందరూ వాడుకునేది ఈ రెండోదాన్నే.

తేడా ఎంత ఉంటుందో ఒక లెక్క వేసి చూడాలి. ఎకరం మార్కెట్ ధర 50,000 డాలర్లు, అన్ని పన్నులూ కలిపి 2 శాతం అనుకుందాం. ఎకరానికి ఏడాదికి 1,000 డాలర్లు కట్టాలి. అదే నేల పశువుల బీడుగా ఉండి, ఐదేళ్ల సగటున ఎకరానికి ఏటా 12 డాలర్లు మిగులుతోందనుకుందాం. చట్టం చెప్పిన సూత్రం ప్రకారం ఆ మిగులును కనీసం 10 శాతం రేటుతో భాగించాలి. వచ్చేది 120 డాలర్లు. దాని మీద 2 శాతం అంటే 2 డాలర్ల 40 సెంట్లు. వెయ్యి డాలర్ల పన్ను రెండున్నర డాలర్ల లోపుకు దిగింది. పదెకరాల మీద ఏటా పదివేల డాలర్లు కట్టాల్సిన చోట పాతిక డాలర్లతో పని అయిపోతుంది.

ఇంత పెద్ద రాయితీ వెనుక న్యాయమైన కారణమే ఉంది. ఊరు పెరిగి పొలం గట్టుదాకా వస్తే ఆ పొలం ధర ఆకాశానికి ఎగబాకుతుంది. పంట మీద వచ్చే రాబడి మాత్రం అక్కడే ఉంటుంది. మార్కెట్ ధర మీద పన్ను వేస్తే రైతు పంటంతా అమ్మినా పన్నుకు చాలదు, చివరికి పొలమే అమ్ముకోవాలి. ఈ ప్రమాదాన్ని ముందుగా గుర్తించింది మేరీలాండ్ రాష్ట్రం. 1956లోనే అక్కడ సాగు భూమికి విడిగా విలువ కట్టే చట్టం వచ్చింది. ఇప్పుడు అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఇలాంటి ఏర్పాటు ఉంది. దీని వల్ల పెద్ద నగరాల చుట్టూ ఎన్నో పొలాలు నిలిచాయి. ఆ మేలును ఎవరూ కాదనలేరు.

చిక్కంతా ఆ మేలు ఎవరికి అందుతోందన్న దగ్గరే వస్తోంది.

టెక్సస్ రాష్ట్ర చట్టం తేనెటీగల విషయంలో తప్ప మామూలు సాగుకు ఇన్నెకరాలు ఉండి తీరాలని చెప్పదు. భూమి ప్రధానంగా వ్యవసాయానికే వాడుతుండాలి, ఆ ప్రాంతంలో రైతులు మామూలుగా చేసే స్థాయిలో సాగు ఉండాలి, గత ఏడేళ్లలో ఐదేళ్లు ఆ భూమి సాగులో ఉండాలి అంటుంది. నగర పరిధిలోని భూమికైతే సాధారణంగా వరుసగా గత ఐదేళ్లు సాగు జరిగి ఉండాలి. ‘ఆ ప్రాంతంలో మామూలుగా చేసే స్థాయి’ అంటే ఏమిటో తేల్చేది కౌంటీల్లో ఆస్తి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టులు. రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి. ఎక్కడికక్కడ సొంత మార్గదర్శకాలు. బీడుకు, గడ్డికి పదెకరాల దాకా కనీస హద్దు పెట్టిన చోట్లున్నాయి. కూరగాయలకు, పండ్లతోటలకు కొంత తక్కువకే ఒప్పుకునే చోట్లున్నాయి. రోడ్డుకు ఈవల ఒక కౌంటీ, ఆవల మరో కౌంటీ అయితే ఒకే విస్తీర్ణంలో ఒకే పంట వేసిన ఇద్దరికి రెండు రకాల పన్ను పడవచ్చు.

ఈ మార్గదర్శకాలు చాలావరకు ఆవును కొలబద్దగా పెట్టుకున్నాయి. దూడతో ఉన్న ఒక ఆవు ఒక యూనిట్. చాలా చోట్ల ఐదు నుంచి ఏడు మేకలో, గొర్రెలో కలిస్తే ఒక ఆవు కింద లెక్క. ఒక్కో ఆవుకు ఇన్నెకరాల బీడు, మొత్తం మీద కనీసం ఇన్ని ఆవులు అని గుణించేసరికి ఎకరాల హద్దు దానంతటదే తయారవుతుంది. వందల ఎకరాల పశువుల క్షేత్రాలు, అంటే రాంచ్‌లు ఉన్న నేలలో పుట్టిన కొలత ఇది. రాంచ్‌కు సరిపోతుంది. మడి కట్టి, నారు పోసి, చేత్తో కలుపు తీసే మనిషికి సరిపోదు.

ఆ మనిషి సంవత్సరం ఎలా గడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. ఒక కుటుంబానికి మూడెకరాలున్నాయనుకుందాం. ఇల్లు, వాకిలి, కారు షెడ్డు కింద ఒక ఎకరం పోతుంది. ఆ ఎకరాన్ని వ్యవసాయం కింద ఎలాగూ లెక్కపెట్టరు, పెట్టకూడదు కూడా. మిగిలిన రెండెకరాల్లో మార్చిలో చలి తగ్గగానే టమాటా, వంగ నాట్లు. ఏప్రిల్‌లో బెండ, దోస, సొర. ఎండలు ముదిరాక టెక్సస్ వేసవిని తట్టుకుని నిలిచేది గోంగూర. వంద డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో పక్క మొక్కలు తలవాల్చినా గోంగూర ఏపుగా లేస్తుంది. తొలి మంచు పడే లోపు కరివేపాకు కుండీలను షెడ్డులోకి మోయాలి, లేకపోతే ఒక్క రాత్రిలో మాడిపోతుంది. ముప్పై కోళ్లు, వాటికి రోజూ దాణా, నీళ్లు. శనివారం తెల్లవారకముందే లేచి ఆకుకూరలు కోసి, తడిగుడ్డలో కట్టి, రైతుబజారుకు మోసుకుపోవాలి.

ఈ కుటుంబం ఫారం 50-129 నింపుతుంది. వ్యవసాయ విలువ కోసం పెట్టుకునే దరఖాస్తు అది. గత ఏళ్లలో ఏ ఏడు ఏ పంట వేశారు, ఎన్ని ఎకరాల్లో, ఎన్ని పశువులున్నాయి అని గడులుంటాయి. కుటుంబం దగ్గర విత్తనాల రసీదులున్నాయి, అమ్మకాల పుస్తకం ఉంది, ఫొటోలున్నాయి. కౌంటీ మార్గదర్శకంలో కనీసం పదెకరాలని ఉంటే ఆ కాగితాలన్నీ పక్కకు పోతాయి. పై లెక్కనే తీసుకుంటే ఆ రెండెకరాల మీద ఏటా 2,000 డాలర్లు కట్టాలి. గోంగూర కట్టలు, గుడ్లు అమ్మి మిగుల్చుకున్నదంతా ఊడ్చుకుపోయేంత సొమ్ము అది.

ఆ కుటుంబానికి సొంతింటి రాయితీ ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. సొంతంగా కాపురముండే ఇంటికి బడి పన్ను విలువలో నుంచి తగ్గించే మొత్తాన్ని టెక్సస్ ఓటర్లు 2023లో లక్ష డాలర్లకు, 2025 నవంబరులో 1,40,000 డాలర్లకు పెంచారు. అది ఇంటికి ఇచ్చిన ఊరట. అపార్ట్‌మెంటులో ఉన్నా, బంగళాలో ఉన్నా అదే మొత్తం. సాగుకు దానితో సంబంధం లేదు.

ఇక రెండో వైపు చూడాలి. నగరం అంచున ఒక కంపెనీ 200 ఎకరాలు కొని, కాలనీ వేయడానికి మంచి ధర కోసం ఎదురుచూస్తోందనుకుందాం. ఈలోగా పక్క రాంచ్ అతన్ని పిలిచి ఆవులు తోలుకోమంటుంది, లేదా ఏడాదికి రెండుసార్లు గడ్డి కోయించి కట్టలు కట్టిస్తుంది. ఆ ప్రాంతపు స్థాయికి తగిన సాగు జరిగినట్టే లెక్క. ఎకరం 50,000 డాలర్ల ధర మీద 2 లక్షల డాలర్ల పన్ను కట్టాల్సింది 480 డాలర్లతో సరిపోతుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. చట్టమే అలా రాసి ఉంది. ఫ్లోరిడాలో ఈ పద్ధతికి ఏకంగా ‘అద్దె ఆవు’ అనే పేరే స్థిరపడింది.

ఆవులు తోలుకునే ఆ రాంచ్ అతనికి రాయితీలో వాటా లేదు. యజమాని భూమి అమ్మిన రోజున పశువులను మళ్లించుకుని వెళ్లాల్సిందే. కౌలుకు తీసుకుని దున్నినవారి పరిస్థితి ఎలా ఉంటుందో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

రాయితీ పొందిన భూమిని చివరికి లేఅవుట్‌గా మారిస్తే పాత పన్ను వెనక్కి కట్టాలి. దాన్ని రోల్‌బ్యాక్ అంటారు. తెలుగు రాష్ట్రాలకు తెలిసిన పోలిక చెప్పాలంటే నాలా రుసుము లాంటిది. పొలాన్ని ప్లాట్లుగా మార్చేటప్పుడు ఒక్కసారి కట్టే ఆ రుసుమును 2006 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. టెక్సస్‌లో ఒకప్పుడు ఐదేళ్ల తేడా పన్నును 7 శాతం వడ్డీతో వసూలు చేసేవారు. 2019లో శాసనసభ దాన్ని మూడేళ్లకు, 5 శాతం వడ్డీకి తగ్గించింది. 2021లో ఆ వడ్డీనీ తీసేసింది. అంటే ఇరవై ఏళ్లు రాయితీ అనుభవించి కాలనీ వేసినవారు వెనక్కి కట్టేది మూడేళ్ల తేడానే, అదీ వడ్డీ లేకుండా. మిగతా పదిహేడేళ్ల రాయితీ వారి లాభంలో కలిసిపోతుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడులు, రోడ్లు, అగ్నిమాపక కేంద్రాలు ఎక్కువగా ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. ఒకరికి తగ్గిన బరువు ఎక్కడో ఒకచోట మిగతావారి మీద పడకుండా ఉండదు. రెండెకరాల కుటుంబం తన పన్ను తాను కట్టుకుంటూనే ఆ బరువులోనూ పాలు పంచుకుంటోంది.

తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న మరో రాష్ట్రం న్యూజెర్సీ. అక్కడ 2024లో సగటు ఇంటి పన్నే ఏటా 10,000 డాలర్లు దాటింది. 1964 నాటి చట్టం ప్రకారం 5 ఎకరాలుండి, ఏటా 500 డాలర్ల సరుకు అమ్మితే వ్యవసాయ విలువ వర్తించేది. అరశతాబ్దం పాటు ఆ 500 డాలర్ల అంకె కదల్లేదు. పెద్ద బంగళాల వెనుక నాలుగు మోపుల కట్టెలు అమ్మి రైతులమని చూపించుకునేవారి మీద అక్కడి పత్రికలు ‘నకిలీ రైతులు’ అని రాసీ రాసీ, చివరికి 2013లో చట్టం మారింది. అమ్మకాల హద్దు 1,000 డాలర్లయింది, 2015 పన్ను సంవత్సరం నుంచి అమలైంది. ఎకరాల హద్దు మాత్రం అలాగే ఉంది. ఐదెకరాల స్థలంలో వెయ్యి డాలర్ల కట్టెలు అమ్మినవారు రైతు, మూడెకరాల్లో ఇరవై వేల డాలర్ల కూరగాయలు అమ్మినవారు కాదు. ఈ వాక్యాన్ని గట్టిగా చదివితే చాలు, తప్పెక్కడుందో తెలుస్తుంది.

న్యూయార్క్ కొంత నయం. 7 ఎకరాలు, ఆపైన ఉన్నవారు ఏటా 10,000 డాలర్లు అమ్మితే చాలు. అంతకన్నా తక్కువ భూమి ఉన్నవారికీ తలుపు తెరిచే ఉంది. కాకపోతే వారు 50,000 డాలర్లు అమ్మి చూపించాలి. తక్కువ నేల ఉన్నవారిని ఐదు రెట్లు ఎక్కువ అడగడంలో న్యాయం లేకపోయినా, కొలవాల్సింది పంటనే అన్న సూత్రాన్ని ఆ చట్టం ఒప్పుకుంది.

కనీస ఎకరాల హద్దును సమర్థించేవారి వాదన కొట్టిపారేయదగినది కాదు. హద్దు తీసేస్తే పెరట్లో నాలుగు టమాటా మొక్కలున్న ప్రతి ఇంటివారూ దరఖాస్తు పెడతారని వారి భయం. అప్రైజల్ సిబ్బంది పెరటి పెరటికీ తిరగలేరు. బడుల ఆదాయానికి గండి పడుతుంది. ఇవి నిజమైన ఇబ్బందులే. కానీ వాటిని దాటే దారులు ఇప్పటికే ఉన్నాయి, కొన్ని చోట్ల నడుస్తున్నాయి కూడా.

కాలిఫోర్నియా 2013లో నగర వ్యవసాయ ప్రోత్సాహక మండలాల చట్టం చేసింది. నగర ప్రాంతాల్లో ఎకరంలో పదో వంతు నుంచి 3 ఎకరాల లోపు ఖాళీ స్థలాలను దీని కిందికి తేవచ్చు. యజమాని కనీసం ఐదేళ్లు వ్యవసాయానికే వాడతానని ఒప్పందం రాసివ్వాలి. స్థలంలో నివాసం ఉండకూడదు. అప్పుడు ఆ స్థలానికి నగరపు ధర కాకుండా, రాష్ట్రంలో నీటి వసతి ఉన్న సాగు భూమి సగటు ధరతో విలువ కడతారు. ఒప్పందం మధ్యలో వదిలేస్తే తగ్గించిన పన్ను వెనక్కి కట్టాలి. దీన్ని ముందుగా అమలుకు తెచ్చిన నగరం శాన్‌ఫ్రాన్సిస్కో. అమెరికాలో అత్యంత ఖరీదైన నేలల్లో ఒకటైన ఆ నగరంలో పది సెంట్ల జాగాను పొలంగా ఒప్పుకోగలిగినప్పుడు, టెక్సస్ పల్లెలో రెండెకరాలను ఒప్పుకోవడానికి అడ్డేమిటి?

అంతకన్నా పెద్ద సాక్ష్యం అమెరికా వ్యవసాయ శాఖ దగ్గరే ఉంది. ఐదేళ్లకోసారి జరిగే వ్యవసాయ గణనలో పొలం అంటే ఏమిటో ఆ శాఖ 1974 నుంచి ఒకే మాట చెబుతోంది: ఏడాదికి 1,000 డాలర్ల వ్యవసాయ సరుకు పండించి అమ్మిన చోటు, లేదా మామూలు ఏడాదిలో అంత అమ్మగలిగిన చోటు. అందులో ఎకరాల ప్రస్తావనే లేదు. 2022 గణన ప్రకారం టెక్సస్‌లో 2 లక్షల 30 వేలకు పైగా పొలాలున్నాయి, దేశంలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. ఆ అంకెను రాష్ట్రం గర్వంగా చెప్పుకుంటుంది. గణనలో రైతుగా లెక్కపెట్టిన మనిషిని పన్ను పుస్తకంలో రైతు కాదనడం ఎలా కుదురుతుంది?

ఇంకా వెనక్కి వెళ్తే, 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోంస్టెడ్ చట్టం కనిపిస్తుంది. టెక్సస్ ప్రభుత్వ భూములు ఆ రాష్ట్రం చేతిలోనే ఉండటం వల్ల అక్కడ అది వర్తించలేదు గానీ, ఆ చట్టం పెట్టిన షరతు గుర్తుంచుకోదగినది. ఐదేళ్లు అక్కడే కాపురముండి నేలను సాగు చేసినవారికి 160 ఎకరాల వరకు పట్టా. పట్టా రావాలంటే మనిషి అక్కడ ఉండాలి, నేల సాగు కావాలి.

తెలుగు పాఠకుడికి ఈ వాదన కొత్తగా అనిపించదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం భారతదేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే రెండు ఎకరాల 67 సెంట్లు. నూటికి 86 కమతాలు 2 హెక్టార్లలోపువే. టెక్సస్ తేనెటీగల నిబంధన పెడితే మన సగటు రైతు గడప దాటలేడు. ఆ రెండున్నర ఎకరాలతోనే గోదావరి గట్టున కొబ్బరి, కోకో, అరటి కలిపి పండించే కుటుంబాలున్నాయి. గుంటూరు జిల్లాలో మిరప మీద, చిత్తూరు జిల్లాలో టమాటా మీద బతికే కుటుంబాలున్నాయి. రెండెకరాలు వ్యవసాయం కాదని వారి ముందు ఎవరూ అనలేరు.

ప్రభుత్వ సాయాన్ని ఎకరాలతో ముడిపెడితే ఏం జరుగుతుందో కూడా తెలుగు నేల చూసింది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి ఒక్కో సీజన్‌కు 4,000 రూపాయలు, తరువాత 5,000 రూపాయలు ఇచ్చింది. పై హద్దు లేదు. యాభై ఎకరాలున్నవారికి యాభై ఎకరాల సొమ్మూ అందింది, ఆ భూమిని కౌలుకు దున్నినవారికి ఏమీ అందలేదు. రాళ్లగుట్టలకు, ప్లాట్లయిన భూములకు కూడా సొమ్ము పోయిందన్న విమర్శలు గట్టిగా వచ్చాక, 2025 జనవరిలో మొదలైన రైతు భరోసాలో సాగుకు యోగ్యమైన భూమికే ఎకరానికి 6,000 అని నియమం పెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2019లో వేరే దారి పట్టింది. వైఎస్సార్ రైతు భరోసా కింద, కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి, కుటుంబానికి ఏటా 13,500 రూపాయలు ఇచ్చింది. ఎకరమున్నా పదెకరాలున్నా అంతే. సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు కూడా అందులో చోటు కల్పించారు. కౌలు కార్డుకు యజమాని సంతకం కావాల్సి రావడంతో ఎందరో ఆ గడప దగ్గరే ఆగిపోయారన్నది వేరే బాధ. అయినా సాయం మనిషిని చూసి ఇవ్వాలా, ఎకరాలను చూసి ఇవ్వాలా అన్న ప్రశ్నకు రెండు రాష్ట్రాలు రెండు జవాబులు రాశాయి. చిన్న రైతుకు ఏది మేలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

టెక్సస్ చేయాల్సింది అసాధ్యమైన పనేమీ కాదు. పదెకరాల లోపు భూములకు ఎకరాల హద్దు బదులు అమ్మకాల రుజువు అడగవచ్చు. వెయ్యి డాలర్లు తక్కువనిపిస్తే ఐదు వేలు పెట్టవచ్చు. రసీదులు చూపించగలిగినవారే వస్తారు, నాలుగు టమాటా మొక్కలవారు రారు. ఇల్లు, వాకిలి, పచ్చిక కింద ఉన్న నేలను కచ్చితంగా కొలిచి పక్కన పెట్టవచ్చు. ఈ నియమం రాష్ట్ర చట్టంలోనే ఉంటే కౌంటీకో తీరు అన్న గందరగోళం తప్పుతుంది. తేనెటీగలకు పెట్టిన 5 ఎకరాల హద్దును పెట్టెల సంఖ్యతో, తేనె అమ్మకాలతో మార్చవచ్చు.

దీని వల్ల తగ్గే ఆదాయాన్ని పూడ్చుకునే దారి కూడా చట్టంలోనే ఉంది. లేఅవుట్లుగా మారే పెద్ద భూములకు రోల్‌బ్యాక్‌ను మళ్లీ ఐదేళ్లకు, వడ్డీతో సహా పునరుద్ధరించాలి. పై లెక్కలో 200 ఎకరాల కంపెనీ ఒక్క ఏడాదిలో ఆదా చేసుకునేది దాదాపు 2 లక్షల డాలర్లు. రెండెకరాల కుటుంబాలు వంద కలిసినా అంతే. వంద కుటుంబాలు నిజంగా పండిస్తున్నాయి, వాటి సరుకు ఆ ఊరి బజారుకే వస్తోంది. ప్రజల సొమ్ము వదులుకోక తప్పనప్పుడు ఎవరి కోసం వదులుకోవాలన్నది తేల్చుకోలేనంత కష్టమైన ప్రశ్న కాదు. పెద్ద భూమి యజమాని వేరేవారితో పశువులు మేపిస్తూ రాయితీ తీసుకుంటుంటే, ఆ మేపేవారికి కనీసం మూడేళ్ల రాతపూర్వక లీజు ఇవ్వాలన్న షరతు కూడా పెట్టాలి.

అక్కడ భూములు కొన్న, కొనబోతున్న తెలుగు కుటుంబాలు కూడా తమ వంతు చేయాల్సింది ఉంది. మొదటిది, కొనే ముందు ఆ కౌంటీ మార్గదర్శకాలు తెప్పించుకుని స్వయంగా చదవాలి. అమ్మేవారి బోర్డు మీద ఉన్న ‘ఆగ్ ఎగ్జెంప్షన్’ అన్న మాట పాత యజమాని సాగుకు సంబంధించినది. భూమి చేతులు మారితే కొత్త యజమాని మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. గడువు ఏప్రిల్ 30. ఆలస్యమైతే ఆదా అయ్యే పన్నులో 10 శాతం జరిమానా. పంటల రసీదులు, అమ్మకాల లెక్కలు, తేదీలతో ఫొటోలు మొదటి రోజు నుంచీ దాచుకోవాలి, ఏడేళ్లలో ఐదేళ్ల సాగును రుజువు చేయాల్సింది వాటితోనే. రెండోది, పన్ను తప్పించుకోవడానికే పేరుకు నాలుగు మేకలు కట్టేసే పని చేయకూడదు. అలాంటి ప్రతి స్థలమూ నిజంగా పండించే చిన్న రైతు మీద అనుమానాన్ని పెంచుతుంది. ఎకరాల హద్దు ఉండాలనే వారి చేతికి ఆయుధమవుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. టెక్సస్ శాసనసభ బేసి సంఖ్య సంవత్సరాల్లో, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు నడుస్తుంది. బిల్లుల మీద కమిటీలు విచారణలు పెట్టినప్పుడు మామూలు పౌరులు కూడా వెళ్లి మాట్లాడవచ్చు. పౌరసత్వం వచ్చిన తెలుగువారు తమ శాసనసభ్యుడికి ఓటరుగా ఉత్తరం రాయవచ్చు. తెలుగు సంఘాలు పండుగలకు, పాటల పోటీలకు వందల మందిని కూడగట్టగలవు. చిన్న కమతాల పన్ను మీద ఒక్క విచారణకు పదిమంది రైతుబజారు అమ్మకందారులను ఆస్టిన్‌కు తీసుకెళ్లడం వాటికి పెద్ద పని కాదు. రెండున్నర ఎకరాల మీద కుటుంబాన్ని పోషించి, పిల్లలను సముద్రాలు దాటించి చదివించిన తల్లిదండ్రుల బిడ్డలు వారిలో ఎందరో ఉన్నారు. రెండెకరాలు కూడా వ్యవసాయమేనని ఆ కమిటీ ముందు నిలబడి వారే చెప్పాలి.